కత్తెర సారూ, పద్నాలుగు లైన్లూ

కత్తెర సారు నిజంగా కత్తెర పట్టింది తక్కువ. గోళ్ళు కూడా ఇల్లాలు పోరగా పోరగా తీసుకుంటాడు. అయినా ముప్పైనాలుగేళ్ళు పనిచేసిన ఆఫీసులో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచారు. రిటైరైన రోజున చేతికిచ్చిన పూలగుత్తి మీద కూడా ఆ పేరే రాశారు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉండేది గానీ, దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు.

ఎందుకా పేరంటారా? ఆ ఆఫీసులో తూకం యంత్రాలకి ప్రోగ్రాములు రాసేవాళ్ళు. ఎవరి ప్రోగ్రాములోనైనా తప్పు ఎంతకీ దొరక్కపోతే తల పట్టుకుని ఈయన బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. ఈయన దాన్ని చదివేవాడు కాదు. చదవడం ఎందుకయ్యా దండగ అని, సగం తీసి అవతల పెట్టేవాడు. తప్పు ఇంకా వస్తోందా? అయితే తీసేసిన సగంతో మనకి పనిలేదు. రావడం లేదా? తీసింది మళ్ళీ పెట్టి, ఈసారి ఇంకో సగం తియ్యి. అలా సగం, సగంలో సగం తీసుకుంటూ పోతే చివరికి పది లైన్లు మిగిలేవి. పది లైన్లలో తప్పు ఎక్కడని దాక్కుంటుంది? నిలబడడానికే చోటుండదు. అప్పుడు కుర్చీ వెనక్కి జరిపి, "ఇదిగో నీ దొంగ" అనేవాడు. ఆ మాట అనడంలో ఉన్న సుఖం ఆయనకి ఇంక దేంట్లోనూ దొరకలేదు.

ఆఫీసులో అయితే సరే, ఇంట్లో కూడా అదే ధోరణి. ఒకసారి ఒంటినిండా దద్దుర్లు వచ్చాయి. డాక్టరు దగ్గరికి పదండి అంటే వినడే. తినేవాటిలో సగం ఒక వారం మానేశాడు, మిగతా సగం ఇంకో వారం మానేశాడు. మూడో వారానికి టమోటా అని తేల్చాడు. ఆ మూడు వారాలూ రెండు రకాల వంట చేసి ఇల్లాలి నడుం పడిపోయింది. కొడుకు పళ్ళ డాక్టరు. వాడికి తండ్రి పద్ధతి చిన్నప్పటినుంచీ తెలుసు. "నేను ముందు ఏ పన్నో చూసుకుని పీకుతాను నాన్నా. మీరైతే సగం పళ్ళు పీకేసి, నొప్పి తగ్గిందా అని అడుగుతారు" అనేవాడు. కత్తెర సారు దానికి నొచ్చుకోకపోగా, పద్ధతి అయితే అదే అని తలూపేవాడు.

ఇంతటి మనిషికి ఒక్క నమ్మకం ఉండేది, రాయి మీద చెక్కినట్టు. ప్రోగ్రాములో ఏ తప్పు వచ్చినా సరే, కంపైలర్ని మాత్రం అనకూడదు. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రాముని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చిపెట్టే ఇంకో ప్రోగ్రాము, అంతే. కొత్తగా చేరిన ప్రతివాళ్ళూ ఏదో ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చి, నేను రాసింది సరిగ్గానే ఉంది సార్, కంపైలరే తప్పుగా మారుస్తోంది అనేవాళ్ళు. లక్షల మంది ఏళ్ళ తరబడి వాడుతున్న వస్తువు అది, నువ్వు నిన్న పొద్దున రాసింది ఇది, ఇందులో ఏది తప్పై ఉంటుందో నువ్వే చెప్పు అనేవాడు ఈయన. వాళ్ళు నోరు మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పాపం, వాళ్ళ తప్పే అయ్యుండేది కూడా.

ఇలా ఉండగా ఒక ఆదివారం సాయంత్రం, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, సాక్షాత్తూ కోడలే ఆ మాట అంది.

కోడలు లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. లిఫ్టు ఏ అంతస్తు దగ్గర ఎంత దూరంలో బ్రేకు వెయ్యాలో లెక్కగట్టే భాగం ఆమెది. రెండేళ్ళు కష్టపడి రాసింది. కంపెనీ ఆవరణలో పరీక్షల కోసమే కట్టిన తొమ్మిది అంతస్తుల టవరు ఒకటుంది. అందులో మనుషులకి బదులు ఇసుక బస్తాలు ఎక్కి దిగుతుంటాయి. గురువారం ఆ బస్తాలు కిందికి దిగుతూ, అట్టడుగు అంతస్తుకి జానెడు పైన ఆగిపోయాయి. బస్తాలు కాబట్టి ఏమీ అనలేదు. మనుషులైతే కాలు బయట పెట్టి బోర్లా పడేవాళ్ళే.

తప్పు నా లెక్కలో లేదు, కంపైలర్లో ఉంది అని కోడలు శనివారం ఆఫీసులో చెప్పింది. గదంతా ఒక్కసారి ఇకిలించింది. టీమ్ లీడర్ నవ్వలేదు, అంతకన్నా ఘోరం, జాలిగా చూశాడు. వచ్చే శుక్రవారంలోగా రుజువు చూపిస్తే సరేసరి, లేకపోతే బ్రేకుల భాగం సీనియర్‌కి అప్పగిస్తాను, నువ్వు లిఫ్టులో గంటలూ బాణం గుర్తులూ చూసుకో అన్నాడు.

ఇదంతా చెప్పి, "కంపైలరే మామయ్యా" అంది కోడలు. అప్పుడే నీళ్ళు తాగుతున్న కత్తెర సారుకి ఆ నీళ్ళు ముక్కులోకి ఎక్కాయి. దగ్గుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. కంపైలర్‌లో ఉండే, ప్రోగ్రాము వేగం పెంచే ఆప్షను తీసేస్తే లిఫ్టు బుద్ధిగా ఆగుతోందని కోడలు చెప్పబోతే, రాసినదాంట్లో లొసుగుంటేనే వేగం పెంచినప్పుడు బయటపడుతుంది, అది నీ తప్పే అనడానికి అంతకంటే రుజువేం కావాలమ్మా అన్నాడు. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. పళ్ళెంలోకి చూస్తూ అన్నం కెలికింది.

ఇల్లాలు ఊరుకుంటుందా? "నవ్వడం అయిపోతే, ఆ పిల్ల ఏం చెబుతోందో చెవిన పెట్టండి" అంది. సరే, రేపు సాయంత్రానికల్లా నీ తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తాను అని మాటిచ్చాడాయన. బ్రేకు లెక్క ఉన్న భాగం ఒక్కటీ బయటివాళ్ళకి చూపించడానికి కోడలు ముందే ఆఫీసులో అనుమతి తీసుకుంది. ఆరువేల లైన్లు. సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్తూ మామగారి కంప్యూటర్లో పెట్టి వెళ్ళింది.

రిటైరై మూడేళ్ళు. మూడేళ్ళ తర్వాత చేతికి పని దొరికింది. కిటికీ పక్కన బల్ల తుడుచుకున్నాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, టీ కప్పు పక్కన పెట్టుకుని సగం తీశాడు. తప్పు వస్తోంది. అందులో సగం తీశాడు. వస్తోంది. మధ్యాహ్నానికి నాలుగొందల లైన్లు మిగిలాయి. ఇక్కడెక్కడో ఉంటుంది కోడలి పొరపాటు అనుకుంటూ, జీవితంలో మొదటిసారి, లైను లైనూ చదివాడు. మళ్ళీ చదివాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ప్రోగ్రాము అంతస్తుల్ని పైనుంచి కిందికి తొమ్మిది, ఎనిమిది, ఏడు అని లెక్కపెట్టుకుంటూ వస్తోంది, మూసేసిన అంతస్తు ఉంటే దాటేస్తోంది. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే లెక్క. మొత్తం తొమ్మిది రావాలి. వేగం ఆప్షను పెడితే ఎనిమిదే వస్తోంది.

కంపైలర్ చేసేదేమిటంటే, ఒక్కొక్క అంతస్తూ ఎందుకు, రెండేసి కలిపి లెక్కపెట్టేస్తే త్వరగా అయిపోతుంది కదా అని తొందరపడుతోంది. తొమ్మిదిని రెండేసి చొప్పున తీస్తే నాలుగు జతలు పోయి ఒకటి మిగులుతుంది. ఆ ఒక్కదాన్నీ, అంటే అట్టడుగు అంతస్తుని, మర్చిపోతోంది. దాని బ్రేకు దూరం లెక్కలోకి రాక, పై అంతస్తు లెక్కతోనే బ్రేకు పడి బస్తాలు జానెడు పైన ఆగిపోతున్నాయి.

కత్తెర సారు కళ్ళజోడు తీసి, ఏమేవ్ అని ఇల్లాలిని కేకేశాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కంపైలర్ తప్పు చేస్తోందే అన్నాడు, ఇంట్లో పెద్దవాళ్ళెవరో దొంగతనం చేస్తుంటే చూసినట్టు. మీ కోడలు నిన్న చెప్పింది కూడా అదే కదండీ అని ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడితో ఆగితే బాగుండేది. నాలుగొందల లైన్లు చాలు, పంపేద్దాం మామయ్యా అని కోడలు ఆ సాయంత్రమే అంది కూడా. కానీ ఆయనకి పూనకం వచ్చేసింది. కంపైలర్ తయారుచేసేవాళ్ళు ఎంత పెద్దవాళ్ళు, వాళ్ళ ముందు నాలుగొందల లైన్ల చెత్త పారబోస్తామా, పది లైన్లకి తెస్తాను చూడు అని కూర్చున్నాడు. ప్రతిసారీ జవాబు చూసుకోవడం విసుగని, తొమ్మిది రాకపోతే చాలు "తప్పు ఉంది" అని తెర మీద చూపించేలా చిన్న ఏర్పాటు చేసుకున్నాడు. ఇక కోత మొదలు. తియ్యి, తప్పు ఉంది. తియ్యి, తప్పు ఉంది. మంగళవారం మధ్యాహ్నానికి తొమ్మిది లైన్లు మిగిలాయి. ఇదిగో నీ దొంగ అని గట్టిగానే అన్నాడు, గదిలో వినేవాళ్ళు లేకపోయినా. కోడలికి ఫోను చేసి, ఆఫీసు తరఫున ఆమె పేరు మీదే కంపైలర్ వాళ్ళకి రిపోర్టు పంపించేశాడు. ఆమె మీటింగుల మధ్య పరుగుల్లో ఉంది. మామగారి చెయ్యి కదా, ఇంక చూసేదేముందని చూడలేదు.

బుధవారం జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మీరు 'మొత్తం' అనేదానికి ఏ విలువా ఇవ్వకుండానే లెక్క మొదలుపెట్టారు, కాబట్టి జవాబు ఏదైనా రావచ్చు. ఇది మా తప్పు కాదు, మూసేస్తున్నాం.

కత్తెర సారుకి తల కొట్టేసినట్టయింది. ఏం జరిగిందో రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. కోత ఊపులో "మొత్తం సున్నాతో మొదలు" అనే లైను కూడా తీసేశాడు. ఇక అక్కణ్ణుంచి ఎనిమిది రావడం పోయి, పొంతన లేని అంకె ఏదో రావడం మొదలైంది. అదీ తొమ్మిది కాదుగా! అందుకని ఆయన ఏర్పాటు "తప్పు ఉంది, తప్పు ఉంది" అంటూనే పోయింది. అసలు దొంగ ఎప్పుడో పారిపోయాడు. ఈయన ఆ తర్వాతంతా వేరే దొంగని తరుముకుంటూ పోయాడు, ఆ దొంగని ఇంట్లోకి రానిచ్చింది కూడా తనే. ముప్పైనాలుగేళ్ళు ఈ పనిలో తలపండిన మనిషి. తప్పు ఉందా అని అడిగాడు గానీ, అదే తప్పు ఉందా అని అడగలేదు.

ఆ జవాబు కోడలి ఆఫీసులో అందరికీ కనపడింది. ఆమె పేరు మీద వెళ్ళింది కదా మరి. నేను ముందే అన్నానా అన్నట్టు సీనియర్ బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడట. ఇదంతా ఆమె చెప్పలేదు. కొడుకు చెప్పాడు. ఆమె మాత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, పళ్ళెం కడిగి పెట్టి తన గదిలోకి వెళ్ళింది. అరిచి ఉంటే కత్తెర సారుకి కొంత ఊరటగా ఉండేది. మనిషి సోఫాలో అలాగే ముడుచుకుపోయాడు. ఇల్లాలు ఎదురుగా నిలబడి, "మీ సరదాకి ఆ పిల్ల పరువు తీశారు" అని ఒకే ఒక్క మాట అంది.  

గురువారం పొద్దున కోడలు ఆఫీసుకి వెళ్ళలేదు. సెలవు పెట్టి, భోజనాల బల్ల దగ్గరనుంచి ఒక కుర్చీ లాక్కొచ్చి మామగారి కంప్యూటరు పక్కన వేసుకుంది. నాలుగొందల లైన్ల దగ్గర్నుంచి మొదలుపెడదాం అంది. ఇంక నావల్ల కాదమ్మా, నేను ముట్టుకుంటే మళ్ళీ ఏదో చెడగొడతాను అని ఆయన గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. మీరు తియ్యండి, నేను కాపలా కాస్తాను అంది.

కాపలా అంటే కాపలాయే. ఆయన ఒక లైను తీస్తే ఆమె మూడు సంగతులు చూసేది. వేగం ఆప్షనుతో సరిగ్గా ఎనిమిదే వస్తోందా? ఏడు కాదు, వేలూ లక్షలూ కాదు, ఎనిమిది. ఆప్షను లేకుండా తొమ్మిది వస్తోందా? ఇంకో కంపెనీ కంపైలర్లో పెట్టినా తొమ్మిదే వస్తోందా, ఏ హెచ్చరికా లేకుండా? మూడూ సరిపోతేనే ఆ లైను పోయినట్టు. ఒక్కటి కుదరకపోయినా తిరిగి పెట్టాల్సిందే. కత్తెర సారుకి మొదట్లో చెయ్యి కట్టేసినట్టుంది. పది గంటలకల్లా అలవాటైంది. పదకొండుకి ఆమె అడక్కముందే "ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది" అని తనే అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఇల్లాలు వంటింట్లోంచి ఒకసారి తొంగిచూసి, బళ్ళో కూర్చున్నట్టున్నారు మహానుభావుడు అని నవ్వుకుంటూ పోయింది.

మధ్యాహ్నానికి పద్నాలుగు లైన్లు మిగిలాయి. "ఇంకొక్క లైను తీసేద్దామమ్మా, పదమూడు అవుతుంది" అన్నాడు, నోరూరుతుండగా. మూసేసిన అంతస్తుని దాటే లైను అది. తీసి చూస్తే తొమ్మిది వచ్చింది. అంటే తప్పు పోయింది. మళ్ళీ పెట్టేశాడు, నిట్టూర్చి. పద్నాలుగు అంటే పద్నాలుగే. ఆ తర్వాత కంపైలర్ పాత వెర్షన్లు ఒక్కొక్కటీ తెచ్చి పెట్టి చూశారు. రెండు వెర్షన్ల కిందట ఈ తప్పు లేదు. ఆ మధ్యలో ఎవరో వేగం కోసమని రెండేసి కలపడం పెట్టారు, అప్పుడే పుట్టింది.

ఇక రిపోర్టు రాయాలి. రాసే పని నాకివ్వు, ఆ మర్యాదలవీ నాకు తెలుసు అని కత్తెర సారు తీసుకున్నాడు. గంట తర్వాత చూస్తే ఒకటిన్నర పేజీ అయింది. అందులో ఆయన ముప్పైనాలుగేళ్ళ అనుభవం ఉంది, తూకం యంత్రాలు ఉన్నాయి, కంపైలర్లంటే తనకున్న గౌరవం ఉంది, లిఫ్టు మాత్రం రెండో పేజీలో ఉంది. కోడలు నోరు నొక్కుకుని నవ్వుతూ ఆ అనుభవం అంతా తీసేసింది. ఏం పెట్టాం, ఏం రావాలి, ఏం వచ్చింది, ఏ వెర్షను నుంచి, ఇవి ఉంచింది. ఆరు వాక్యాలు మిగిలాయి. అందులో చివరిది కూడా తీయబోతే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. అది ఇలా ఉంది: మొన్నటి రిపోర్టులో పొరపాటు దాన్ని కోసినవాడిది, అంటే ఈ అమ్మాయి మామగారిది, ఆమెకి సంబంధం లేదు.

ఎవరికి కావాలి మామయ్యా, తప్పు ఎక్కడుందో చూపిస్తే చాలదా అంది. ఆయన ఒప్పుకోలేదు. నీ పేరు మీద వెళ్ళింది కాబట్టి నీ పేరు దగ్గరే ఉండాలి ఆ మాట అని పట్టుబట్టాడు. ఉంచింది. పంపించారు.

శుక్రవారం మీటింగు పదకొండింటికి. కోడలు తొమ్మిదికే వెళ్ళిపోయింది. కత్తెర సారు తొమ్మిదీ ఐదు నుంచి ఆ పేజీ తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. పదైంది. ఏమీ లేదు. పదిన్నర. ఏమీ లేదు. కాలు కాలిన పిల్లిలా వంటింటికీ గదికీ తిరుగుతుంటే ఇల్లాలు చిక్కుడుకాయలు ముందు పడేసి ఒలవమంది. ఒలిచిన గింజలు చెత్తలోనూ, తొక్కలు గిన్నెలోనూ వేశాడు. గంటలూ బాణాలూ చూసుకో అంటే ఆ పిల్ల ఏమీ అనదు, అలాగే అని తలూపి వచ్చేస్తుంది, అదే భయంగా ఉందే అన్నాడు ఇల్లాలితో. ఆవిడకీ భయంగానే ఉంది. పైకి మాత్రం గింజలు సరిగ్గా వెయ్యండి అంది.

పదీ యాభైకి జవాబు వచ్చింది. నిజమే, తప్పు మాదే, ఇంత చిన్న నమూనా ఇచ్చినందుకు సంతోషం, సరిచేస్తున్నాం, అంతవరకు రెండేసి కలిపే ఆ ఒక్క సదుపాయం ఆపుకోండి, మీ మామగారిని అడిగామని చెప్పండి. కత్తెర సారు దాన్ని నాలుగుసార్లు చదివి ఇల్లాలికి ఐదోసారి వినిపించాడు. కళ్ళు తడిశాయి. ఉల్లిపాయలు తరుగుతున్నావా అని అడిగాడు. ఇంట్లో ఆ పూట ఉల్లిపాయే లేదు.

మీటింగులో టీమ్ లీడర్ ఆ జవాబు పైకి చదివాడట, మామగారిని అడిగామన్న ముక్కతో సహా. గది నవ్వింది, కానీ అది వేరే నవ్వు. ఆ ఒక్క సదుపాయం ఆపి లిఫ్టు దింపితే బస్తాలు నేల మట్టానికి వచ్చి నిలబడ్డాయి. బ్రేకుల భాగం కోడలి దగ్గరే ఉండిపోయింది. కొడుకు ఆ సాయంత్రం కేకు తెచ్చాడు. సగం తీసి పక్కన పెట్టమంటారా నాన్నా అని అడిగి, తల్లి చేత చీవాట్లు తిన్నాడు.

ఇక్కడితో అయిపోయిందనే కత్తెర సారు కూడా అనుకున్నాడు. వారం తిరక్కుండా ఇంకో సాయంత్రం కోడలు వాకిట్లో చెప్పులు విప్పుతూ, ఇవాళ మూడో అంతస్తులో లిఫ్టు గంట రెండుసార్లు మోగుతోంది మామయ్యా అంది. అంతే, ఆయన ఎగిరి లేచాడు. కళ్ళజోడు వెతుక్కుంటూ, కంపైలరే అయ్యుంటుంది, ఏ వెర్షను, పట్టుకురా ఆ ప్రోగ్రాము అని హడావిడి చేసేశాడు. చొక్కా చేతులు కూడా మడిచాడు.

"కాదు మామయ్యా, ఇది నాదే. పొద్దున్నుంచీ చూశాను. గంట కొట్టమని నేనే రెండుచోట్ల రాశాను" అంది కోడలు.

కత్తెర సారు మడిచిన చేతులతో అలాగే నిలబడిపోయాడు. ఏదో లెక్క మనసులో తట్టింది. ఇసుక బస్తాలు ఆగింది గురువారం. ఈ పిల్ల ఇంట్లో నోరు విప్పింది ఆదివారం.

"అయితే ఆ వారం కూడా, ముందు నీ తప్పేమోనని చూసుకున్నాకే నాతో చెప్పావా అమ్మా?"

"మూడు రోజులు చూసుకున్నాను మామయ్యా. మీ ప్రోగ్రాములో అయితే మీరు ఎలా వెతుకుతారో అలా వెతికాను. ఎక్కడా దొరక్కపోతేనే చెప్పాను."

ముక్కులోకి నీళ్ళెక్కేలా తను నవ్విన నవ్వు ఇప్పుడు ఆయన చెవుల్లో మోగింది. ఎన్ని రోజులు చూశావు, ఏమేం చూశావు అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. ముప్పైనాలుగేళ్ళలో ఆయన దగ్గరికి మొహం వేలాడేసుకుని వచ్చినవాళ్ళలో ఎవర్నీ ఆ ప్రశ్న అడిగిన గుర్తు లేదు.

"నేను అడగనైనా అడగలేదు" అన్నాడు.

"అడగలేదు మామయ్యా" అంది కోడలు. కోపంగా అనలేదు, ఊరడిస్తున్నట్టూ అనలేదు. ఉన్న మాట అంది.

కత్తెర సారు కుర్చీలో కూర్చున్నాడు. "తప్పు నాదమ్మా" అన్నాడు. ఊరూ పేరూ తెలియని వాళ్ళకి ఆ ముక్క రాసి పంపి వారం కావొస్తోంది. ఎదురుగా ఉన్న మనిషితో అనడం మాత్రం ఇదే మొదలు. కోడలు పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది.